ఇత్తడి బిరడా

పోయిన వారం యేసన్నను గుండ్లవంక డ్యాం కట్ట మీద, నడినెత్తి ఎండలో, చేతిలో పానాతో నిలబెట్టి వచ్చాం. ఎందుకు నిలబడ్డాడో మరిచిపోయినవాళ్ళకు నాలుగు మాటల్లో చెబుతాను.

వరసగా రెండేళ్ళు వానల్లేక, గుమ్మఘట్ట పక్కనున్న ఆ డ్యాంలో నీళ్ళు అడుగంటాయి. నీళ్ళు జరిగినకొద్దీ మునిగిన తుమ్మ మోళ్ళు బయటపడ్డాయి, పాత ఊరి మొండిగోడలు బయటపడ్డాయి, ఆఖరికి నాలుగేళ్ళ కిందట మునిగిన సర్కారు పడవ కూడా ముక్కు బయటపెట్టింది. ఆ పడవ నడిపిన బాలప్ప, దాంట్లో ఉన్న కూలి తిప్పయ్య, ఇద్దరూ ఆ రోజు నీళ్ళలోనే పోయారు. బాలప్ప బిరడా బిగించడం మరిచిపోయాడనీ, ఆ కన్నంలోంచి నీళ్ళెక్కి పడవ మునిగిందనీ విచారణలో తేల్చారు. అలాగని సాక్ష్యం చెప్పింది పడవ ఫిట్టరు యేసన్న. చెప్పించింది ఓవర్సీరు హనుమంతరాయుడు. ఇప్పుడు పడవ దాకా నేల తేలగానే ఓవర్సీరు యేసన్నను కట్ట మీదికి పిలిపించి ఒకటే మాట అన్నాడు.

"జనం ఆ బురదలో దిగకముందే పో. ఆ బిరడా ఊడదీసి నా చేతికి తెచ్చియ్."

యేసన్న కట్ట దిగాడు.

కట్ట రాళ్ళు దాటితే మొదట పలకలు పలకలుగా పగిలిన ఒండ్రు. నడుస్తుంటే పెంకుల మీద అడుగు వేసినట్టు పటపటమంది. ఆ తర్వాత పైన ఎండినట్టే ఉండి అడుగు పెడితే చీలమండ దాకా దిగబడే నేల. చచ్చిన చేపల కంపు. మోళ్ళకు వేలాడుతున్న వల పీలికల్లో ఎండి కట్టెలైన బొచ్చె చేపలు. గాలి అన్నది లేదు. యేసన్న రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. రెండుసార్లూ కట్ట మీద ఓవర్సీరు నల్లగొడుగు పెట్టిన చోటే ఉంది, కదల్లేదు.

ఆ పడవంటే యేసన్నకు ఒకప్పుడు ప్రాణం. మామూలు మోటారు పడవలకున్నట్టు దానికి నీళ్ళలో తిరిగే రెక్కలుండవు. అడుగున కమ్మీలు బిగించిన కంతలోంచి నీళ్ళు పీల్చి, వెనక గొట్టంలోంచి చిమ్మి, ఆ చిమ్ముడు జోరుకు ముందుకు దూసుకుపోతుంది. మునిగిన తుమ్మచెట్ల మధ్య రెక్కలైతే రోజుకొకటి విరుగుతాయని పెద్ద ఇంజనీర్లు దాన్ని దేశం బయటనుంచి తెప్పించారు. మద్రాసు దాకా ఓడ, గుంతకల్లు దాకా రైలు, అక్కణ్ణుంచి లారీ. కాగితాల్లో జెట్టు బోటు. ఊళ్ళో చిమ్ముడు పడవ.

రెక్కల బాధ తప్పింది గాని నాచు బాధ పట్టుకుంది. పీల్చే కంతలో నాచూ, తుమ్మ పుల్లలూ ఇరుక్కునేవి. అందుకని పడవ వెనక భాగంలో, ఆ గొట్టానికి పైన, చెయ్యి దూరేంత కన్నం పెట్టారు. దానికి మూత ఇత్తడి బిరడా. బిందె మూతంత ఉంటుంది, మరలు తిప్పి బిగించాలి. నాచు పడితే ఇంజను ఆపి, బిరడా తీసి, మోచేతి దాకా చెయ్యి పెట్టి లాగి, మళ్ళీ బిరడా బిగించాలి. బిగించకుండా ఇంజను వేశారో, ఆ కన్నంలోంచి నీళ్ళు బుగ్గలా పడవలోకి ఎగజిమ్ముతాయి.

ఆ బిరడాలు రెండు వచ్చాయి. ఒకటి పడవకు, ఒకటి అదనం. షెడ్డులో టేకు పెట్టె, దాంట్లో రెండు గుండ్రటి గుంటలు. పడవ రేవుకు చేరిన ప్రతి సాయంత్రం బాలప్ప బిరడా ఊడదీసేవాడు. లోపలి నీళ్ళు కారిపోయి గొట్టం ఆరాలి. వేపపుల్ల నమిలి కుంచె చేసి ఒక్కొక్క మరా తుడిచేవాడు, ఇసుక రేణువు ఉండకూడదు. ఆముదం రాసి, గుడ్డలో చుట్టి, గుంటలో పెట్టేవాడు. ఎవరైనా బిరడాను నేల మీద పెడితే కొట్టినంత పని చేసేవాడు. "ఇత్తడి మెత్తన, యేసన్నా. ఒక్క మర నొక్కుకుంటే నీళ్ళకు దోవ చూపిచ్చినట్లే" అనేవాడు. పొద్దున బిగించాక "వేసినా" అని కేక పెట్టేవాడు. యేసన్న వచ్చి చేత్తో తడిమి "చూసినా" అనాలి. ఆ తర్వాతే ఇంజను.

పడవ మునిగిన రోజు "చూసినా" అనే మనిషి లేడు. బోల్టులు తెమ్మని ఓవర్సీరు పొద్దున్నే యేసన్నను రాయదుర్గం పంపించాడు.

అంతకు పది రోజుల ముందు పడవ కుడిపక్క చెక్క పగిలింది. కొత్త చెక్క వచ్చేదాకా పడవ దించొద్దని బాలప్ప మొత్తుకున్నాడు. ఓవర్సీరు తొందరపెడితే యేసన్న రేకు పెట్టి, మేకులు కొట్టి, తారు పోసి మాటు వేశాడు. రాయదుర్గం నుంచి తిరిగొచ్చిన సాయంత్రం, షెడ్డు తలుపు చేరవేసి ఓవర్సీరు అన్నమాట ఈ నాలుగేళ్ళలో ఒక్కరోజు కూడా యేసన్న చెవుల్ని వదల్లేదు. "నీ మాటు ఊడింది రా. ఇద్దర్ని మింగితివి. జైలుకు పోతావా, నేను చెప్పినట్లు చెప్తావా?" పెట్టెలో మిగిలిన అదనపు బిరడాను బల్ల మీద పెట్టి, పడవకు ఉన్నది ఇదొక్కటే, ఇది షెడ్డులోనే దొరికింది అని చెప్పించాడు.

అప్పట్నుంచి యేసన్న ఆదివారం ప్రార్థనలో కళ్ళు మూసేవాడు కాదు. మూస్తే నీళ్ళు కనిపించేవి.

పడవ దగ్గరయింది. ముక్కు పైకి లేచి, వెనక భాగం ఒండ్రులో కూరుకుపోయి, లేవబోయి కూలబడ్డ ఎద్దులా ఉంది. పడవ మధ్యలో, ఎండిన మట్టి దిబ్బ మీద, తల మీద కొంగు కప్పుకుని ఒక మనిషి కూర్చుని ఉంది. పక్కన పారా, తట్టా.

బాలప్ప పెళ్ళాం మారెమ్మ.

"రా యేసన్నా" అంది, తల తిప్పకుండానే. "ఎవరో ఒకరు వస్తారనుకున్నా. నువ్వే వస్తివి."

యేసన్న పానాను తుండుగుడ్డ కిందికి జరుపుకున్నాడు. "ఎండ దెబ్బ తగిలి సచ్చిపోతావు వదినా. ఇంటికి పో."

"నీళ్ళు ఎంత జరిగినాయో చూసుకుంటా దినామూ వస్తాండా. పది దినాల ముందర ముక్కు కనపడె. మొన్నటికి సగం తేలె. నిన్న నడిస్తే మోకాలు దాకా దిగబడితి. ఈ పొద్దు నేల మోసింది." ఆమె ఎండిన పెదాలు తడుపుకుంది. "ఇంటికి పోయి ఏం చేసేది? బాయికాడ తిప్పయ్య తల్లి నా కడవ పక్కన తన కడవ పెట్టదు. కరువుపనికి పోతే నా తట్ట నెత్తికెత్తే చెయ్యి ఒక్కటీ రాదు. నేనే మోకాలి మీద పెట్టుకోని, ఎట్లనో నెత్తికి ఎక్కిచ్చుకుంటా. మతిమరుపు మొగుడు మనిషిని చంపె అంటారు. నాలుగేండ్లు, యేసన్నా."

 ఆ కరువుపని దగ్గర యేసన్న కూడా ఒకరోజు ఆమెను చూశాడు. తట్ట ఎత్తడానికి పోబోయి, నలుగురూ చూస్తున్నారని ఆగిపోయాడు.

"ఆ గుడ్డ కింద ఏంది?"

"పానా."

"ఎందుకు?"

"ఇత్తడి సామాను ఉండాది గదా వదినా. సర్కారు సొత్తు. ఊడదీసి తెమ్మన్నారు."

"ఏ ఇత్తడి?"

"బిరడా..." అనేశాడు. అన్నాక తెలిసింది నోరు జారిందని.

మారెమ్మ అప్పుడు తల తిప్పింది. కొంగు నీడలో ఆమె కళ్ళు తప్ప ఏమీ కనిపించలేదు.

"బిరడా షెడ్డులో దొరికిందని చెప్పింది నువ్వే గదా యేసన్నా? ఉండేది అదొక్కటే అంటివి గదా? దొరల ముందర, బల్ల మీద పెట్టి చూపిచ్చినావు. నేను వాకిట్లో కూసోని విన్నా. అది ఆడ దొరికినాక, మళ్ళా ఈడ ఊడదీసేదానికి ఏముండాది?"

ఎక్కడో దూరంగా మోడు మీద గద్ద అరిచింది. యేసన్నకు వెనక్కి తిరిగి పరుగెత్తాలనిపించింది. కాళ్ళు ఒండ్రులో దిగబడి ఉన్నాయి. కట్ట మీద నల్లగొడుగు అలాగే ఉంది.

ఆమె పార తీసి అతని ముందుకు విసిరింది. "తవ్వు."

"వదినా..."

"బిరడా ల్యాకుంటే నా మొగుడు మరిచిపోయినాడని నేను కూడా ఒప్పుకుంటా. తిప్పయ్య తల్లి కాళ్ళు పట్టుకుంటా. తవ్వు యేసన్నా."

తవ్వాడు. పడవ వెనక పట్టున ఒండ్రు పైన గట్టిగా, లోన జిగటగా ఉంది. పార పట్టనిచోట చేతులతో తోడాడు. మారెమ్మ దిబ్బ దిగొచ్చి తట్టతో మట్టి ఎత్తి అవతల పోసింది.  ఇంజను తుప్పు గడ్డ బయటపడింది. దాని వెనక గొట్టం. గొట్టం మీద మట్టిని అరచేత్తో తుడుస్తుంటే యేసన్న వేళ్ళకు చల్లగా, గుండ్రంగా తగిలింది.

ఉంది. బిరడా ఉన్నచోట ఉంది.

మారెమ్మ వంగి చూసింది. తాకలేదు. "బిగిచ్చినాడో, ఊరికే పెట్టినాడో ఎట్ల తెలుస్తాది? ఊడదీయి. నిన్ను పంపింది అందుకే గదా."

యేసన్న పానా తగిలించి లాగాడు. కదల్లేదు. కాలు అడ్డం పెట్టి లాగాడు. కదల్లేదు. మారెమ్మ వచ్చి పానా చివర పట్టుకుంది. ఇద్దరూ కలిసి, ఊపిరి బిగబట్టి లాగితే, కిర్రుమని ఒక్క అంగుళం తిరిగింది. మళ్ళీ లాగారు. ఆ తర్వాత మర మర్యాదగా తిరగడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు, ఏడు చుట్లు. ఇత్తడి పైన పచ్చగా కిలుం పట్టినా, చుట్లు బయటికొచ్చేకొద్దీ లోపలి మరలు ఆముదంతో మెరుస్తున్నాయి. వాటి చుట్టూ, మైనం పట్టించి పేనిన గుడ్డదారం గట్టిగా చుట్టి ఉంది.

మారెమ్మ గోటితో మైనం గీకింది. కింద ఆకుపచ్చ దారం.

"బిరడాకు ఏసే రబ్బరు చుట్ట ఎండి పగిలిపోయె" అంది చిన్నగా. "కొత్తది రాలేదని నన్ను అడిగినాడు. నా కోక అంచు చించి, పేని ఇస్తి. ఆ పొద్దు తెల్లారుజామున ఇస్తి యేసన్నా. అదే కడపటిది."

ఆమె ఏడుస్తుందని యేసన్న చూశాడు. ఏడవలేదు. బిరడాను రెండు చేతుల్లో పట్టుకుని, కట్ట వైపు తిరిగి, ఎవరికో చెప్పినట్టు అంది.

"వేసినాడు."

యేసన్న పానా ఒళ్ళో పెట్టుకుని గొట్టం పక్కనే కూర్చున్నాడు. నాలుగేళ్ళుగా నాలుక కింద దాచుకున్నది ఇక ఆగలేదు.

"రెండుండె వదినా. బిరడాలు రెండుండె. నేను చూపిచ్చింది అదనందాన్ని. ఒకటే అని చెప్పినా. బాలప్ప మరిచిపోయేటోడు కాదని నాకు తెల్సు. ఆయప్ప సంగటి తినేది మరిచిపోతాడేమో గాని బిరడా మరవడు. తెల్సీ చెప్పినా."

"ఎందుకు?" ఆమె గొంతులో కోపం కూడా లేదు. అది యేసన్నకు కోపం కంటే కష్టమనిపించింది.

"మునిగింది నా మాటు ఊడి. చెక్క పగిలితే నేనే రేకు కొడితి. ఆ మాటే ఊడిందని ఓవర్సీరు చెప్పినాడు. జైల్లో ఏస్తారన్నాడు. పిల్లోల్లు చిన్నోల్లు. భయపడితి."

"మాటు ఊడింది నువ్వు చూసినావా?"

"నీళ్ళ కింద ఉండె గదా. ఎట్ల చూసేది?"

"ఇప్పుడు నీళ్ళు ల్యావు గదా" అంది మారెమ్మ.

 నాలుగేళ్ళు యేసన్న ఎన్ని రాత్రులు కలలో చూశాడో ఆ మాటు, ఇప్పుడు పది అడుగుల దూరంలో ఉంది. లేచి పడవ కుడిపక్కకు వెళ్ళాడు. ఒండ్రు నడుం దాకా ఉంది. పార పట్టుకోవాలని తోచలేదు. కుక్క గొయ్యి తీసినట్టు చేతులతో తోడాడు. గోళ్ళలో గులకలు గుచ్చుకుని నెత్తురు వచ్చింది. తారు నల్లగా తగిలింది. రేకు అంచు తగిలింది. వేలితో వరసగా తడిమాడు. మేకు, మేకు, మేకు. ఒక్కటీ జారలేదు. పానాతో కొట్టాడు. చెక్క గట్టిగా బదులు చెప్పింది. మళ్ళీ కొట్టాడు. రేకు కదల్లేదు.

మాటు ఊడలేదు.

సంతోషం రావాలి. రాలేదు.  తను చంపలేదు. మరి ఆ అబద్ధం ఎందుకు చెప్పినట్టు? ఎవరి కోసం చెప్పినట్టు? ఓవర్సీరు నీళ్ళ కింద చూడకుండానే 'నీ మాటు ఊడింది' అని అంత గట్టిగా ఎట్లా అన్నాడు?

"ఊడల్యా" అన్నాడు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "బిరడా ఉండాది. మాటు ఉండాది. యాడా కన్నం ల్యాదు. అయితే ఎందుకు మునిగె?"

మారెమ్మ పడవలోకి తిరిగి ఎక్కింది. ఇంతసేపూ తను కూర్చున్న దిబ్బ మీద కాలు పెట్టి ఆగింది. కాలితో రెండుసార్లు తట్టింది.

"ఇది మట్టి కాదు యేసన్నా. పొద్దున్నించి కూసున్నా, రాయి మాదిరి ఒత్తుకుంటాండె. పడవలోకి రాళ్ళు ఎట్లొస్తాయి?"

యేసన్న ఎక్కాడు. పారతో పైమట్టి చెక్కాడు. పార ఠంగుమని ఎగిరి వచ్చింది. మట్టి పలక ఊడిపడితే కింద బూడిదరంగు రాయి. రాయికి అంచులున్నాయి, మూలలున్నాయి. నిండు కడుపులా నడిమి ఉబ్బి ఉంది. పక్కనే అలాంటిదే ఇంకొకటి. దాని పక్కన ఇంకొకటి. కొంగుతో మారెమ్మ తుడిచింది. రాయి మీద నిలువూ అడ్డంగా నేత గుర్తులు. గోనెపట్టా కుళ్ళిపోయింది గాని, దాని నేత ఒక్క పోగు పోకుండా రాయి మీద అచ్చుపడి ఉంది.

"సిమెంటు" అన్నాడు యేసన్న.

ఆమెకు అర్థం కాలేదు. యేసన్నకు ఒక్కొక్కటే అర్థమవుతూ వచ్చింది. డ్యాం కాలువ గోడలకు వచ్చిన సిమెంటు. ఆ రోజుల్లో బస్తా కావాలంటే తాలూకాఫీసు చుట్టూ నెలలు తిరగాలి. అవతలి ఒడ్డు మైసూరు రాష్ట్రం. నీళ్ళ మీద దాటించి అమ్ముకుంటే అడిగే చౌకీ లేదు. అందుకే మాటు పచ్చిగా ఉండగానే పడవ దించమన్నాడు. అందుకే ఆ రోజు ఫిట్టరును రాయదుర్గం తరిమాడు. విచారణలో ఓవర్సీరు చెప్పిన మాట యేసన్న చెవులారా విన్నాడు. పడవలో ఇద్దరు మనుషులు, ఒండ్రు కొలిచే తాడు తప్ప ఇంకేమీ లేదన్నాడు.

ఆరుగురు మనుషులు ఎక్కే పడవ. యేసన్న పైవరస తడిమి చూసుకుంటూ పోయాడు. ఒక వరసలో ఏడు. కింద ఇంకో వరస. దాని కింద ఇంకోటి. గాలికి అల లేస్తే అంచు దాటి వచ్చిన మొదటి నీళ్ళకే పని అయిపోయి ఉంటుంది. చెయ్యి చాచేంత సేపు కూడా పట్టి ఉండదు.

"ఆ పొద్దు సంగటి ముద్ద ముందర పెడితే ముట్టుకోల్యా" అంది మారెమ్మ. "'ఈ పొద్దు బరువు శానా ఉండాది, గాలి లేస్తే కష్టం' అన్యాడు. ఏం బరువో నేను అడగల్యా. అడిగింటే..." ఆగింది. రాతి బస్తా మీద అరచెయ్యి ఉంచి కూర్చుంది. "సిమెంటు నీళ్ళలో కరగదా యేసన్నా?"

"కరగదు వదినా. రాయి అయితాది. అయితే ఇంగ వందేండ్లు ఉంటాది."

"ఆ సంగతి ఓవర్సీరుకు తెలియదా?"

యేసన్న తలెత్తాడు. తెలియకేం? డ్యాం కట్టించిన మనిషి. ఒక్క బిరడా ఊడదీస్తే సరిపోదని తెలుసు. ఈ రాళ్ళను ఇద్దరు మనుషులు మోసుకుపోలేరనీ తెలుసు. మరి బిరడా ఒక్కటే ఎందుకు తెమ్మన్నాడు? మిగతాదానికి ఏం తలచాడు?

కట్ట మీద ఈల మోగింది.

పొడుగ్గా ఒకసారి, ఆగి, పొట్టిగా మూడుసార్లు. గుట్ట దగ్గర రాళ్ళు పేల్చేటప్పుడు గొర్రెల కాపరులను తప్పుకోమని ఊదే ఈల అది. నల్లగొడుగు పక్కన ఎవరో కర్రకు ఎర్రగుడ్డ కట్టి ఎత్తారు. నలుగురు మనుషులు కట్ట దిగి, ఒకరి వెనక ఒకరు, యేసన్న అడుగుల్లోనే అడుగులు వేస్తూ వస్తున్నారు. ముందు మనిషి నెత్తిన గంప. గంప మీద తడి గోనె.

"ఎవరు?" అంది మారెమ్మ.

ఇంకా దగ్గరికి రానీ చూద్దామని యేసన్న కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ముందు మనిషి నడకలో కుడికాలు కొంచెం ఈడుస్తున్నాడు. రాతిపేలుళ్ళలో ఒకసారి మడమ పోగొట్టుకున్న నడక.

"నాగప్ప" అన్నాడు. "తిప్పయ్యకు అన్న."

నాగప్ప నలభై అడుగుల అవతల ఆగాడు. గంపను మెల్లగా, పసిబిడ్డను దించినట్టు దించాడు. వెనకవాళ్ళు దూరంగానే నిలబడిపోయారు. అతను యేసన్నను చూసి, ఆ తర్వాత మారెమ్మను చూసి ఉమ్మేశాడు.

"దిగండి. నీళ్ళ దారికి అడ్డంగా ఉండాది, పడవను పేల్చేయమన్యాడు ఓవర్సీరు. కూలి ల్యాకుండా చేస్తానంటి. నా తమ్ముణ్ణి మింగినదానికి నేనే ఒత్తి ముట్టిస్తానంటి."

"నాగప్పా, ఒక్కసారి ఇట్ల రా" అన్నాడు యేసన్న. "చూసి, ఆ పైన పేల్చు."

"ఏముండాది చూసేదానికి?"

"నీ తమ్ముడు ఎందుకు సచ్చినాడో ఉండాది."

నాగప్ప గంప వైపు ఒకసారి చూశాడు. కాలు ఈడ్చుకుంటూ వచ్చాడు. పడవ అంచు పట్టుకుని లోపలికి చూశాడు. అతనికి ఎవరూ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది. పదేళ్ళు ఆ డ్యాం మీదే రాయి కొట్టి, సిమెంటు మోసిన మనిషి. నేత అచ్చుల మీద బొటనవేలు రాసి చూశాడు. ఒక వరస, రెండో వరస, మూడో వరస చూశాడు. 

"బిరడా మరిచినాడు అంటిరి గదా" అన్నాడు, బొటనవేలు బస్తా మీదే ఉంచి.

మారెమ్మ తన ఒళ్ళోని బిరడాను చూపించింది. "బిగిచ్చే ఉండె. ఇప్పుడే ఇద్దరం లాగి ఊడదీస్తిమి. నా కోక దారం ఇంకా ఉండాది చూడు."

"మరి అట్లని చెప్పిందెవరు?"

 మారెమ్మ యేసన్న వైపు చూడలేదు. చూడకపోవడంతోనే అది అతని మీద పడింది. ఇప్పుడూ తప్పించుకోవచ్చు. ఓవర్సీరు పేరు చెబితే చాలు. అబద్ధం కూడా కాదు.

"నేనే నాగప్పా" అన్నాడు. "సిమెంటు సంగతి నాకు తెలియదు. దేవుని తోడు. కానీ బిరడా మాట అబద్దమని నాకు తెల్సు. తెల్సీ చెప్పినా. ఊర్లోకి వచ్చి నలుగుర్లోనూ చెప్తా. ఆ దొరల ముందర కూడా చెప్తా."

నాగప్ప తల ఊపాడు. వింటున్నట్టుగా, లోపల ఇంకేదో లెక్క వేసుకుంటున్నట్టుగా. తిరిగి గంప దగ్గరికి నడిచాడు. గోనె తొలగించాడు. రాయి పేల్చే తోటాలు నాలుగు తీసి చంకలో పెట్టుకున్నాడు, ఒత్తి చుట్ట మెడలో వేసుకున్నాడు. వెనకవాళ్ళలో ఒకడు "నాగప్పా, వద్దప్పా" అన్నాడు. అతను వినలేదు. మళ్ళీ పడవ దగ్గరికి వచ్చి, ఎండిన ఒండ్రు పలక మీద చతికిలబడి, తోటాకు ఒత్తి గుచ్చడం మొదలుపెట్టాడు. వేళ్ళు ఎక్కడా తడబడలేదు.

"మా అమ్మ నాలుగేండ్ల నుంచి ఈయమ్మ మొగాన ఉమ్మేస్తాండాది" అన్నాడు, తల ఎత్తకుండా. "నేనూ ఉమ్మేస్తి. నిజం చెప్పింటే ఆ పొద్దే కట్ట మీద ఓవర్సీరును పట్టుకుందుము. ఇప్పుడు ఆయప్ప కట్ట మీద ఉండాడు. కుంటికాలితో నేను పోయేలోగా జీపెక్కి పోతాడు." ఒత్తిని పళ్ళతో కొరికి కత్తిరించాడు. "నువ్వయితే ఈడ్నే ఉండావు యేసన్నా."

కట్ట మీద ఎర్రగుడ్డ ఊగింది. ఆలస్యమెందుకని మళ్ళీ ఈల మోగింది.

నాగప్ప మొలలోంచి అగ్గిపెట్టె తీశాడు. అప్పుడు మాత్రమే తలెత్తి, నాలుగేళ్ళలో మొదటిసారి మారెమ్మతో నెమ్మదిగా మాట్లాడాడు.

"అమ్మా, నువ్వు దిగు. వాణ్ణి ఈడ్నే ఉండనీ."

మారెమ్మ బిరడాను రాతి బస్తా మీద పెట్టింది. యేసన్న ముఖంలోకి సూటిగా చూసింది. నాలుగేళ్ళు తన తట్టకు సాయం పట్టని ఆ రెండు చేతులను చూసింది. ఆ తర్వాత లేచి నిలబడింది. దిగడానికి లేచిందో, అడ్డం నిలవడానికి లేచిందో యేసన్నకు తెలియలేదు.